2:1 దగ్గర పోయిన నా మార్కులు

జూనియర్ లెక్చరర్ పరీక్షకు జువాలజీ చదివే రోజుల్లో జెనెటిక్స్ నా బలం అనుకునేదాన్ని. లీథల్ జీన్స్ (ప్రాణం తీసే జన్యువులు) దగ్గరికొచ్చేసరికి మాత్రం "నిష్పత్తి 2:1" అని ఒక్క ముక్క బట్టీ పట్టి పేజీ తిప్పేశాను. తర్వాతి మాక్ టెస్టులో ఆ టాపిక్ నుంచి మూడు బిట్లు వచ్చాయి. మూడూ తప్పే!

ఆ రాత్రి పసుపు ఎలుకల సంగతి మొదటి నుంచీ చదివాను. 1905లో ఫ్రాన్స్‌లో క్యూనో అనే శాస్త్రవేత్త పసుపు ఎలుకలను వాటిలో వాటికే జత కట్టించాడు. ఎన్నిసార్లు చేసినా శుద్ధమైన (రెండు జన్యువులూ పసుపువే ఉన్న) పసుపు ఎలుక ఒక్కటీ దొరకలేదు. పిల్లల్లో పసుపువి రెండు పాళ్లు, మామూలు రంగువి ఒక పాలు. 1910లో కాజిల్, లిటిల్ అనే శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. పసుపు-పసుపు జతకు ఈతకు పుట్టే పిల్లలే దాదాపు పావు వంతు తక్కువ. ఆ పావు వంతు రెండు పసుపు జన్యువులూ వచ్చిన పిండాలు, తల్లి కడుపులోనే పోయాయి.

నాకు అర్థం కానిది ఒక్కటే. పసుపు బహిర్గతం (ఒక్క కాపీతోనే బయటపడేది) కదా, మరి ఒక్కటున్నా చావాలిగా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ జన్యువు రంగుకు బహిర్గతం, చావుకు అంతర్గతం. రంగు మారడానికి ఒకటి చాలు, చావడానికి రెండూ కావాలి.

అప్పటి నుంచి నిష్పత్తి గుర్తు పెట్టుకోవడం మానేశాను. తల్లిదండ్రుల జన్యువులు కలిసే నాలుగు రకాలకూ నాలుగు గళ్లు గీసి, చచ్చిన గడిని పెన్సిల్‌తో కొట్టేసి, మిగిలినవే లెక్కపెడతాను. మొక్కజొన్న ఆల్బినో బిట్టు చూడండి. రెండు వాహక (ఆల్బినో జన్యువు ఒకటే ఉండి, పైకి పచ్చగా కనిపించే) మొక్కలను సంకరణం చేస్తే మొలకల్లో ఆకుపచ్చ, తెలుపు 3:1. తెల్లవాటికి పత్రహరితం లేదు కాబట్టి గింజలోని ఆహారం అయిపోగానే ఎండిపోతాయి. ఎదిగిన మొక్కల్లో వాహకాలెన్ని? నేను సగం అని పెట్టొచ్చాను. తెల్ల గడి కొట్టేస్తే మిగిలేవి మూడు, వాటిలో రెండు వాహకాలు. జవాబు 2/3. టే-సాక్స్ (రెండు జన్యువులూ వస్తేనే వచ్చే ప్రాణాంతక జబ్బు) రోగికి ఆరోగ్యంగా ఉన్న అన్న వాహకుడయ్యే అవకాశం అడిగినా ఇదే లెక్క.

రెండో బిట్టు ఇంకా ముచ్చటైనది. పసుపు జత పిల్లలను యాదృచ్ఛికంగా జత కట్టిస్తే తర్వాతి తరం ఎలా ఉంటుంది? ఈ పిల్లల్లో పసుపు యుగ్మవికల్పం (జన్యువు రూపం) పౌనఃపున్యం, అంటే మొత్తంలో దాని వాటా, 1/3, మామూలు రంగుది 2/3. పిండాల్లో 1/9 పోతాయి, పసుపు 4/9, మామూలు 4/9. అంటే 1:1! 2:1 కోసం వెతికితే ఆప్షన్లలో అది ఉంటుంది కూడా, అదే ఉచ్చు.

మూడోది డ్రోసోఫిలా, అంటే పండ్ల ఈగ. ఎక్స్ క్రోమోజోము మీద అంతర్గత లీథల్ మోసే ఆడ ఈగకు మామూలు మగ ఈగతో కలిగే మగవాటిలో సగం పోతాయి, మగవాటికి ఎక్స్ ఒకటే కాబట్టి ఒక్క కాపీ చాలు. ఇక్కడా 2:1 వస్తుంది గానీ అది ఆడ, మగల నిష్పత్తి.

గడి కొట్టేయడం అలవాటయ్యాక అతి చేశాను. తండ్రికి హంటింగ్టన్ (మెదడును దెబ్బతీసి ప్రాణం తీసే) జబ్బు, ఆ జన్యువు ఒకే కాపీ ఉంది, తల్లికి లేదు. పిల్లలకు వచ్చే అవకాశమెంత? బహిర్గత లీథల్ కదా అని ఆ గళ్లు రెండూ కొట్టేసి సున్నా అని రాశాను. రూమ్మేట్ నా పేపరు చూసి, "ఆ జబ్బు బయటపడేదే ఎక్కువగా ముప్ఫై అయిదు దాటాక కదే! అప్పటికి పిల్లలు పుట్టేసి ఉంటారుగా" అంది. జవాబు సగం. ఇప్పుడు గళ్లు గీసే ముందు పైన "ఎప్పుడు?" అని రాసుకుంటున్నాను.