స్క్రీన్‌షాట్ టికెట్టు పట్టుకుని బెంగళూరు పోయినా

మాది అనంతపురం, గడియార స్తంభం దగ్గర చిన్న సెల్ షాపు. అంగట్లోకి వచ్చే ప్రతోడికీ ఓటీపీ చెప్పొద్దు, తెలీనోళ్లకి ఫోన్‌పే కొట్టొద్దు అని క్లాసు పీకేది నేనే. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

మా పాప బెంగళూరులో ఒక కన్సర్టు చూడాలని పట్టుబట్టింది. టికెట్టు 3,500. బుకింగ్ తెరిచిన రోజు క్యూలో మా నంబరు వచ్చేసరికి అయిపోయినాయి. సరే అని, కొన్న టికెట్లు తిరిగి అమ్ముకునే రీసేల్ సైటు తెరిచినా. అక్కడ రేటు సైటోళ్లది కాదు, అమ్మేటోడు ఎంత పెడితే అంత. 6,800 అని ఉంటే పర్లేదులే అని ముందుకు పోతే, కార్డు నంబరు కొట్టే పేజీలో ఫీజులన్నీ కలిపి 8,900 చూపించింది, ఒక్క టికెట్టుకి! పైగా కొంతమంది చేతిలో టికెట్టే లేకుండా అమ్మకానికి పెడతారంట, తర్వాత చౌకగా దొరికితే కొని ఇస్తారంట. 2024లో కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు బ్యాండు కన్సర్టు టికెట్లు 2,500 నుంచి మొదలైతే ఇట్లాంటి చోట్ల లక్షల్లో పెట్టినారు, ఈడీ సోదాలు కూడా చేసింది. కోపమొచ్చి మూసేసినా.

ఆడికి ఆగుంటే బాగుండు. టెలిగ్రామ్ గ్రూపులో ఒకడు "అన్నా, ఊరికి పోవాల్సొచ్చింది, రెండున్నాయి, కొన్న రేటుకే ఇస్తా" అన్నాడు. కొన్న రేటుకే అనేసరికి ఎంత మంచోడో అనుకుని 7,000 కొట్టినా. క్యూఆర్ ఉన్న స్క్రీన్‌షాట్లు రెండు వచ్చినాయి. బ్లాకులో టికెట్టు కొనేది మనకి కొత్తా ఏమన్నా? కాకపోతే టాకీసు కాడ బ్లాకోడు కాగితం చేతిలో పెడతాడు, అది ఒక్కటే ఉంటుంది. ఫొటో అయితే పదిమందికి పంపొచ్చని సెల్ షాపు పెట్టుకున్నోనికి తట్టలేదు చూడండి.

గేటు కాడ పిల్లోడు స్కాన్ చేస్తే మిషన్ ఎర్రగా వెలిగి కీ మనింది. మళ్లీ కొట్టినాడు, మళ్లీ కీ. బ్రైట్‌నెస్ పెంచమన్నాడు, పెంచినా. కీ. వెనక పిల్లోళ్లు "అంకుల్, బేగ బేగ" అంటాండారు. "ఆల్రెడీ స్కాన్ అయింది, సైడ్‌గె బన్ని సార్" అని బారికేడు పక్కన నిలబెట్టినారు, ఆడ మాకంటే ముందే ఏడుగురున్నారు. చిత్తూరు పిల్లోడొకడు తన ఫోన్ చూపించినాడు. నా క్యూఆర్ కింద నంబరూ వాడిదీ ఒకటే! పక్కనున్న ఆయమ్మదీ అదే. ముగ్గురం ఒకే టికెట్టు మీద వచ్చినాం, నాలుగో ఆయన ముందే లోపలికి పోయి పాటలు వింటాండాడు. సెక్యూరిటీ ఆయన "ఎంతకి కొన్నారు సార్" అని నవ్వుతా అడిగితే 3,500 అని చెప్పడానికి నోరు రాలేదు. మా పాప నా మొగం చూడకుండా వంగి బూటు లేసు కట్టుకుంటాంది. విప్పడం, మళ్లీ కట్టడం. లోపల డ్రమ్స్ మొదలైనాయి.

ఆ చిత్తూరు పిల్లోడే చెప్పినాడు, "టికెట్లు అమ్మిన యాప్‌లోనే తిరిగి అమ్ముకునే ఆప్షన్ ఉంది, చూడన్నా" అని. అందులో అయితే అమ్మినోని టికెట్టు క్యాన్సిలైపోయి మన పేరు మీద కొత్త క్యూఆర్ వస్తుంది, పాతది పనిచెయ్యదు. షో మొదలైనాక రాలేనోళ్లు ఎంతకైనా వదిలించుకుంటారు కదా, 2,600 లెక్కన రెండు దొరికినాయి. ఈసారి పచ్చ లైటు. రెండు పాటలు పోయినాయి, అంతే.

రాత్రి కారులోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినా, పాపం మర్యాదగానే రాసుకున్నారు. మా బ్యాంకు కౌంటరాయన ఉన్నాడే, "పిన్ను మీరే కొట్నారు కదా సార్" అని అందరి ముందర నాకే పాఠం చెప్పినాడు. కార్డుతో కట్టుంటే డిస్ప్యూట్ వేసి దుడ్లు వెనక్కి అడిగే దారన్నా ఉండేది, ఫోన్‌పేలో మనంతట మనం కొట్టిన దుడ్లకి అది కష్టమే. యాప్ బయట స్క్రీన్‌షాట్ పంపుతానన్నోడు మీ సొంత బామ్మర్ది అయినా కొనాకండి.

ఇంట్లో మాత్రం టికెట్టు 2,600 అనే చెప్పినా. నోరు మూసుకున్నందుకు పాపకి కొత్త ఇయర్‌బడ్స్, షాపులోవే. మాయావిడకి ఇది ఎవరూ చూపీకండప్పా.