డబ్బా

ఆదివారం. ల్యాబ్ ఒంటిగంట దాకానే, అయినా తొమ్మిది సీమెన్ టెస్టులు, అంటే మగవాళ్ళ వీర్య పరీక్షలు. మిగతా రోజుల్లో సెలవు పెడితే ఆఫీసులో ఎందుకని అడుగుతారు, పైగా ఆదివారం మా కొత్తపేటలో జనం కాస్త పలచగా ఉంటారు కాబట్టి తెలిసినవాళ్ళు ఎదురుపడే భయం తక్కువ. కౌంటర్లో నన్ను చూడగానే సగంమంది గోడకేసి చూస్తారు. "జెంట్స్ ఎవరూ లేరా మేడమ్?" లేరండీ, ఆరేళ్ళుగా నేనే ఉన్నాను.

పొద్దున్నే వచ్చినాయన టిఫిన్ హోటల్లో దోసె మాస్టర్. పక్కన భార్య, వెనకాల ఆయన తల్లి. పెళ్ళయి నాలుగేళ్ళు. ఏ కాగితం కావాలో తెలియక ఆ అమ్మాయి ఫైలు మొత్తం నా ముందు పెట్టింది, లావుపాటి ఫైలు, జారిపోకుండా రబ్బరు బ్యాండు. డాక్టర్ చీటీ కోసం తిప్పుతుంటే అన్నీ కనబడ్డాయి. థైరాయిడ్ మూడుసార్లు, ప్రొలాక్టిన్, ఏఎంహెచ్ అనే హార్మోన్ టెస్టులు, గుడ్డు ఎంత ఎదిగిందో చూసే స్కానులు ఐదు నెలలవి, ట్యూబులు మూసుకుపోయాయేమో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే. అన్నీ నార్మల్. ఆయనవి ఒక్కటంటే ఒక్క కాగితం లేదు. "మా వాడికేం లోపం అమ్మాయ్, డాక్టరమ్మ రాసిందని తీసుకొచ్చాం" అంది పెద్దావిడ. కలిసి ఎన్ని రోజులైందో ఆవిడ ముందు అడగలేక ఆయన్ని పక్కకి పిలిచి అడిగా. రెండు రోజులకి తగ్గకూడదు, ఏడు దాటకూడదు.

శాంపిల్ మొదట ముద్దగా ఉంటుంది, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే పలచబడుతుంది. అప్పుడు ఒక చుక్క గళ్ళ పలక మీద వేసి మైక్రోస్కోప్‌లో వీర్యకణాలు లెక్కపెట్టాలి. బాగున్న శాంపిల్ అయితే చేపపిల్లలు వదిలిన చెరువులా ఉంటుంది. తిన్నగా దూసుకుపోయేవి, ఉన్నచోటే గింగిరాలు కొట్టేవి, అసలు కదలనివి, దేని లెక్క దానిదే. ఈయనది గడి తర్వాత గడి ఖాళీ, ఎక్కడో ఒకటి నీరసంగా తోక ఆడిస్తోంది. నమ్మబుద్ధి కాక ఇంకో చుక్క వేసి చూశా. మిల్లీలీటరుకి 30 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది గీత కోటీ 60 లక్షలు.

వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, ఈయనేమో రోజంతా పెనం ముందు. అలాగని పెనమే కారణమనీ అనలేం. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బే వెరికోసీల్ కావచ్చు, పెద్దయ్యాక వచ్చిన గవదబిళ్ళలు కావచ్చు, చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న ఖైనీ పొట్లానికీ కొంత వాటా ఉండొచ్చు. తేల్చాల్సింది డాక్టర్ గారు. "కౌంట్ బాగుందా మేడమ్?" అన్నాడు. ఒక్క టెస్టుతో ఏదీ తేల్చరండీ, గట్టిగా జ్వరం వచ్చి తగ్గినా కౌంట్ పడిపోతుంది, వీర్యకణం తయారవడానికే దాదాపు రెండున్నర నెలలు, కాబట్టి మళ్ళీ చేయిస్తారు అని చెప్పా. కాసేపు నిలబడి, "పెనం దగ్గర్నుంచి సప్లైకి మారితే మంచిదంటారా?" అన్నాడు. నేనేం చెప్పకుండానే అర్థమైనట్టుంది.

పదకొండింటికి జిమ్ కుర్రాడు. కండలకోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకున్నాడట. బయటినుంచి హార్మోన్ పడుతుంటే ఇక మీ పని చాల్లే అని మెదడు వృషణాలకి సిగ్నల్ ఆపేస్తుంది. శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్ మెషీన్‌లో గిర్రున తిప్పి అడుగున వెతికినా ఒక్క వీర్యకణమూ లేదు. ఆపేస్తే చాలామందికి నెలల మీద తిరిగొస్తుందిలే, కానీ అమ్మినవాడు ఆ ముక్క చెప్పి ఉండడు.

ఇంటికొస్తే వదిన సోఫాలో వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుని ఉంది. పెళ్ళయి మూడేళ్ళు దాటింది. వదినకి గర్భసంచిలో నీటి బుడగలని మా వీధి మొత్తం తీర్పు చెప్పేసింది. అవి గర్భసంచిలో ఉండవు, అండాశయాల్లో ఉంటాయి, బుడగలూ కావు, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన గుడ్ల సంచులు. పీసీఓడీ అంటే గుడ్డు నెలనెలా టైముకి విడుదల కాకపోవడం, మందులతో చాలామందికి దారిలో పడేదే. నాకు ఎక్కువ టెన్షన్ నెలసరిలో ఆవిడ పడే ఆ నొప్పి గురించే. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఏమో చూడండని డాక్టర్ని అడుగు వదినా అంటే, "ఆడవాళ్ళకి మామూలే కదా" అంటుంది. మొన్న మా స్కానింగ్ అమ్మాయి చెప్పింది, ఒకావిడకి జీవితంలో దగ్గు లేదు, టీబీ మాత్రం ట్యూబుల్లో బయటపడిందట. మన దగ్గర ట్యూబులు మూసుకుపోవడానికి అదీ ఒక పెద్ద కారణమే.

ఏడాది ప్రయత్నించినా గర్భం నిలవకపోతే, ఆమెకి 35 దాటితే ఆర్నెల్లకే, ఇద్దరూ కలిసి చూపించుకోవాలి. ఇద్దరూ! పిల్లలు లేని జంటల్లో సుమారు సగంమందిలో మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒకటి ఉంటుంది, పైగా వాళ్ళ టెస్టుకి సూది లేదు, నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. పోయిన నెల హెచ్‌ఎస్‌జీకి వదిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. అన్నయ్యకి మాత్రం రెండేళ్ళుగా టైం కుదరడం లేదు.

అందుకే ఇవాళ వస్తూ వస్తూ ఒక కొత్త శాంపిల్ డబ్బా బ్యాగులో వేసుకొచ్చి ఫ్రిజ్ మీద పెట్టా. అమ్మ చూసి, "మూత గట్టిగా ఉందే, ఇంగువకి బాగుంటుంది" అని తీసుకోబోయింది.

"వద్దమ్మా, అది అన్నయ్యది."

అన్నయ్య టీవీ సౌండ్ పెంచాడు.