రెండు ముప్పావు మిల్లీమీటర్లు

పదకొండున్నర దాటింది. బయట ముసురు. విశాఖలో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి అక్టోబరులో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, నిద్ర రాదు. ఇవాళ నాకు రానిది మాత్రం గాలివల్ల కాదు, మా మరిది జేబులోంచి తీసిన టేపువల్ల.

మరిది సంగతి మీకు కొత్త కాదుగా. రైల్వేలో రిటైరై ఆరేళ్లయినా ప్లాట్‌ఫారం మీద నిలబడితే చూపు రైలు మీద ఉండదు, పట్టాల మీదే. సాయంత్రం టీకి వచ్చి, వెనకగదిలోకి తొంగిచూసి, బల్ల మీద నేను కడుతున్న బుల్లి రైలుమార్గంలో, వారం నుంచి కంకర పోస్తున్న మలుపు మీద టేపు పెట్టి, "ఏటి వదినా, ఇది బ్రాడ్‌గేజీయేనా?" అన్నాడు. అంతే. రెండు పకోడీలు నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

కాదు. ఆ మాట నాకు తెలీదనా? మన బ్రాడ్‌గేజీ, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676 మిల్లీమీటర్లు. నేను వాడే బొమ్మ రైళ్ల కొలత హెచ్‌ఓ స్కేలంటే అసలుదానిలో 87వ వంతు. భాగిస్తే 19.3 రావాలి. కొట్లో దొరికే ట్రాకు 16.5. దాన్ని 87తో హెచ్చవేస్తే వచ్చేది 1,435, అంటే స్టాండర్డ్ గేజీ. యూరపు రైళ్లది, అమెరికా రైళ్లది, ఇక్కడైతే చాలా మెట్రోలది. నా బల్ల మీద కిరండూల్ ప్యాసింజరు హైదరాబాద్ మెట్రో పట్టాల మీద అరకు పోతోందన్నమాట. తేడా రెండు ముప్పావు మిల్లీమీటర్లు. వడ్లగింజ వెడల్పంత.

సరే, 19.3 వేద్దాం. ఎలాగంటే, కొన్న ట్రాకు పనికిరాదు, చేత్తో వేసుకోవాలి. మన కాంక్రీటు స్లీపరు పొడవు 2,750 మి.మీ., స్కేలులో 31.6. కిలోమీటరుకు 1,660 స్లీపర్లు కాబట్టి నా బల్ల మీద ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం 6.9 మి.మీ. చుట్టు మొత్తం ఆరున్నర మీటర్ల పైచిలుకు, సుమారు 950 స్లీపర్లు. అయిదింటికొకటి రాగిపూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్క పెట్టి పట్టాని దానికి సోల్డరు చేస్తారు, మిగతావి చెక్కముక్కలు. అంటే 190 ముక్కలు, 380 సోల్డరింగులు. పైగా ప్రతి ముక్కకీ నడుమ రాగిని ఆకురాయితో గీసి తెంపాలి. ఒక్కదానికి మర్చిపోయినా రెండు పట్టాలూ కలిసి షార్టు. ఆ తప్పిపోయినదాన్ని 190లో వెతుక్కోవాలి. రైలుని ఒక ట్రాకు నుంచి ఇంకోదానికి మళ్లించే పాయింట్లూ చేత్తోనే. ఆ తర్వాత చక్రాలు. మామూలుగా చక్రాల లోపలి అంచుల మధ్య 14.4 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, దాన్ని 17 దాటించాలంటే ఇరుసులు మార్చాలి. పెట్టెలకైతే మారుస్తాం. ఇంజనుకి? లోపల పళ్లచక్రాలున్నాయి, బోగీ (పెట్టె కాదు, దాని కింద చక్రాలు బిగించే చట్రం) పక్కఫ్రేములు అడ్డం. ఇవన్నీ చెప్పడానికి మనిషి నిలబడితేగా!

నాకు మండింది ఇక్కడే. నేను బల్ల మీద కడుతున్నది కేకే లైను, అంటే అరకు మీదుగా పోయే కొత్తవలస-కిరండూల్ లైను. దాని ఘాటులో వాలు 60కి ఒకటి, మలుపులు 8 డిగ్రీలని నాకు చెప్పిందే ఆ మహానుభావుడు. 1,750ని డిగ్రీలతో భాగిస్తే మీటర్లలో వ్యాసార్ధం వస్తుందని నేర్పిందీ ఆయనే. 8 డిగ్రీలంటే 219 మీటర్లు. 87తో భాగిస్తే రెండున్నర మీటర్లు. అంటే సగం చుట్టు తిరగడానికే గది అయిదు మీటర్ల వెడల్పుండాలి. నా బల్ల 2.7 మీటర్లకి 1.2, అందులో పట్టేది 559 మి.మీ. వ్యాసార్ధం. అసలు సైజులో అది 49 మీటర్లు కూడా లేదు! బ్రాడ్‌గేజీలో 10 డిగ్రీలకి మించి, అంటే 175 మీటర్లకి లోపు, మలుపు వెయ్యనివ్వరు. నాలుగున్నర రెట్లు మోసం కళ్లెదుట ఉంటే కనపడలేదు. వడ్లగింజ కనపడింది.

ఆ మలుపు ఊరికే పోదు కూడా. ఐసీఎఫ్ పెట్టె, అంటే మామూలు ప్యాసింజరు పెట్టె, హెచ్‌ఓలో 245 మి.మీ. వ్యాసార్ధం పెట్టె పొడవుకి మూడింతలుంటే నిశ్చింత, రెండింతలుంటే ఎలాగో నడుస్తుంది. నాది రెండింతల పైన, మూడింతల లోపు. అందుకే పెట్టెల్ని కలిపే కప్లింగుని పెట్టె అడుగుకి కాకుండా బోగీకి బిగించాలి. అలాగైతే అది చక్రాలతోపాటు తిరుగుతుంది. పెట్టెకి బిగిస్తే మలుపులో పక్కపెట్టెని పట్టా బయటికి లాగేస్తుంది. సొరంగం ముఖద్వారం కూడా అతి పొడవైన పెట్టెని మలుపులో నిలబెట్టి, మధ్యభాగం లోపలికెంత వస్తోందో, కొసలు బయటికెంత పోతున్నాయో పెన్సిలు కట్టి గీసి, ఆ గీతకి మరో అయిదు మి.మీ. వదిలి కొయ్యాలి.

వాలు మాత్రం నిజాయితీగా పెట్టాను. మూడు మీటర్లలో 50 మి.మీ., సరిగ్గా 60కి ఒకటి. దాంతో ఒక ట్రాకు మీంచి ఇంకో ట్రాకు దాటించడం కుదరదు. దానికి పట్టా పైనుంచి 75, పైవంతెన మందం ఇంకో 10, మొత్తం 85 మి.మీ. ఎత్తు కావాలి. అంటే అయిదు మీటర్ల పైన ఎక్కుడు. అందుకని రైలుని ఎక్కించకుండా లోయని దించాను. ట్రాకు కింద మినహా ప్లైవుడ్డంతా కోసేసి, కోళ్లవల కిందికి వేలాడదీస్తే వంతెన కింద అరచెయ్యి లోతు దానంతటదే వచ్చింది. కొండల ఊరివాళ్లం, ఎత్తులు కట్టడమే తోస్తుంది గానీ తవ్వడం తోచదు.

మరిది వెళ్లాక రైలు వదిలితే రెండో సొరంగంలో ఆరో వ్యాగను పడింది. పడినవి తియ్యడానికి వెనకవైపు కిటికీ నేనే అరచెయ్యంత కోశాను, మోచెయ్యి పట్టదు. ముప్పయ్యికి ఇరవై సెంటీమీటర్లుండాలి, తక్కువైతే వేళ్లు వ్యాగనుని తాకుతాయే గానీ పట్టా ఎక్కించలేవు. పట్టకారుతో ఇరవై నిమిషాలు. మా ఆయన టార్చి పట్టుకున్నారు, అంటే సగం సేపు నా కళ్లలోకే పట్టుకున్నారు.

పడటానికి కారణం తూకం. ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగను అసలుది 10.7 మీటర్లు, నాది 123 మి.మీ. ఈ సైజులో లెక్కేమిటంటే మొదట 28 గ్రాములు, ఆపైన పొడవులో ప్రతి 25 మి.మీ.కీ 14 గ్రాములు. దీనికి 97 గ్రాములు రావాలి. వంటింటి కాటా మీద పెడితే 61. తేలిక వ్యాగను ఎక్కుడులో, మలుపులో, ముందు ఇంజను లాగుతుంటే వెనక బరువుకి తీగలాగా లోపలికి వంగిపోతుంది. ఫిషింగ్ హార్బరు దగ్గర వలలకి కట్టే సీసపు గుళ్లు దొరుకుతాయి, వాటిని అడుగున అంటించాలి. ఫెవికాల్‌తో మాత్రం వద్దు. మూసిన అరలో ఆ జిగురు, సీసం, తేమ కలిస్తే నెలల తర్వాత తెల్లటి పిండిగా పొంగి వ్యాగను పక్కలు చీల్చేస్తుంది. అరాల్డైట్ వాడండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం కాటా మీంచి తియ్యగానే కాటానీ తుడవండి. రేపు పొద్దున ఉప్మారవ్వ దాని మీదే.

ఇంకో కారణం నేను ఒప్పుకోనిది: అక్కడ మలుపులోనే రెండు ట్రాకుల అతుకుంది. మలుపులో అతుకు వస్తే ముందు రెండు ముక్కల్నీ తిన్నగా పరిచి సోల్డరు చేసి, ఆ తర్వాత వంచాలి. వంచే ట్రాకులో ఒక పట్టా జరుగుతుంది, అది లోపలివైపుండాలి, వంచాక పొడుచుకొచ్చినంత మేర కోసెయ్యాలి. విడివిడిగా వంచి కలిపితే అతుకు దగ్గర చిన్న మూల మిగులుతుంది, చక్రానికి అదే చాలు. తిన్నగా ఉన్నచోట అతుకులన్నీ సోల్డరు చెయ్యకూడదు. పట్టాకంటే ఈ ఊరి తేమకి చెక్క ఎక్కువ కదులుతుంది, ఉబ్బినా కుంగినా పట్టా తట్టుకోవడానికి విజిటింగ్ కార్డు మందం సందు ఉంచాలి. సందు ఉంచితే ఉప్పుగాలికి పట్టాల కొసల్ని కలిపే జాయినరులో పచ్చటి చిలుము పట్టి కరెంటు ఆగుతుంది. అందుకని జాయినరుని నమ్మకుండా ప్రతి పట్టాముక్కకీ విడిగా తీగ కిందికి దించాలి. ప్లైవుడ్డు ఐఎస్ 710 ముద్ర ఉన్నదే, అంటే నీళ్లకి ఆగే మెరైన్ రకమే, కొనాలి. ఐఎస్ 303లో తేమ తట్టుకునే రకమంటూ అంటగడతారు, రెండు వానాకాలాలకి అప్పడంలా లేస్తుంది.

మరిదికి చెప్పుంటే సంతోషించేవాడు, కంకర సంగతి. అసలు కంకర 50, 65 మి.మీ. రాయి. స్కేలులో అది అరమిల్లీమీటరు నుంచి ముప్పావు దాకా. క్రషరు పొడిని టీ వడకట్టులో జల్లించి, పైన మిగిలిన గరుకు పారేసి, కింద పడినదాన్ని మళ్లీ పాత చున్నీలో జల్లించి మెత్తటి దుమ్ము తీసేస్తే మిగిలేదే. ఎదురుగా సముద్రం ఉండగా ఇసక వాడొచ్చుగా అని అందరూ అడుగుతారు. అడిగేవాళ్లు ఒక అయస్కాంతం తీసుకుని బీచికి వెళ్లి ఇసకలో దొర్లించండి. నల్లగా గెడ్డం మొలుస్తుంది. మన తీరం ఇసకలో ఇల్మెనైట్, మాగ్నటైట్ ఉన్నాయి. రైలు మోటారులో ఉన్నదీ అయస్కాంతమే. ఆ నలుసులు పీల్చుకుని మోటారు గరగరమని చస్తుంది. ఉప్పు సరేసరి, గింజ గుండ్రం కూడా, వాలు మీద నిలవదు. ఎర్రమట్టి దిబ్బల మట్టి జోలికీ పోకండి, దాన్ని కాపాడుకోవాలి. ఇళ్ల పునాదులు తవ్విన ఎర్రమట్టి సందుసందునా ఉంది.

పొడిగా పరిచి, కుంచెతో సర్ది, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపిన నీళ్లు పొగమంచులా చల్లి, అప్పుడు సిరంజితో ఫెవికాల్ నీళ్లు. జిగురు ఒకటికి నీళ్లు మూడు. తడపకుండా జిగురు వేస్తే ఉండలు కట్టి దొర్లిపోతుంది. పాయింట్ల కదిలే నాలుకల దగ్గర జిగురు ఒక్క చుక్క ఎక్కువైనా పాయింటు సమాధే.

బల్ల మీద పసుపుపచ్చ వలిసెపూల పొలం వేసిన గొడవ పోయినసారి సగంలో ఆపాను కదా. రంపపు పొట్టుకి పసుపు కలిపి, వైట్ సిమెంటు నేల మీద తడిగా చల్లాను. తెల్లారేసరికి పొలమంతా కుంకుమ. పసుపులో సున్నం కలిస్తే ఏమవుతుందో తెలీని ఆడది ఉంటుందా ఈ దేశంలో! సిమెంటులో ఉన్నది ఆ సున్నపు గుణమే. పోస్టరు రంగు వేస్తే పోయేది. పసుపైతే ఎండకి ఎలాగూ వెలుస్తుంది.

పట్టకారు పెట్టి లోపల తడుముతున్నంతసేపూ కళ్లముందు ఆ అసలు సొరంగాలే. బొడ్డవర దాటాక రైలు ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు ఉంటుంది, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి. లైను మొత్తం మీద 58 అంటారు. మొదటిదాంట్లో పిల్లలు కేకలు, రెండోదాంట్లో పెద్దవాళ్లు కూడా, పదోదానికి ఎవరికీ ఓపిక ఉండదు. అప్పుడు చూడాలి గోడ. పెట్టె కిటికీల వెలుగు చతురస్రాలుగా రాతి మీద పాకుతూ పోతుంది. రాయి నున్నగా ఉండదు, పగలగొట్టిన బెల్లపుదిమ్మలా అంచులు, మధ్యలో ఊట కారిన నల్లచారలు. వెలుగు ఒక చోట దగ్గరగా వచ్చి చెంపకి తగిలినట్టుంటుంది, అంతలో గోడ వెనక్కి పోయి వెలుగు పడిపోతుంది. బయటికి రాగానే ముందు తడి ఆకు వాసన, ఆ తర్వాత లోయ. వాసన ముందు, చూపు తర్వాత. ఎన్నిసార్లు వెళ్లినా అదే వరస. అద్దాల పెట్టెలొచ్చాక వాసన పోయింది. శిమిలిగూడలో 996 మీటర్ల ఎత్తున దిగితే చెవులు ఒకసారి టప్‌మంటాయి.

ఇంతసేపూ నేను సొరంగం లోపల నల్లరంగు వేసి ఊరుకున్నాను! ముఖద్వారం నుంచి కనీసం 15 సెంటీమీటర్ల దాకా లోపలి గోడ రాయిలా ఉండాలి. అల్యూమినియం రేకు నలిపి, అందులో ప్లాస్టర్ పోస్తే ఖోండలైట్, అదే ఆ కొండల రాయి, విరుపు వస్తుంది. రెండుపాళ్ల పొడి, ఒకపాలు నీళ్లు. నీళ్లలోకి పొడి చల్లాలి, పొడిలోకి నీళ్లు కాదు. ముసురు పట్టిన రోజుల్లో తెరిచి ఉంచిన సంచీ పొడి గట్టిపడదు, కొత్తది కొనాలి. రంగు ముందు పల్చటి పసుపుమట్టి మచ్చలు, పైన కావి, చివర బాగా పల్చన చేసిన నలుపు పగుళ్లలోకి. అక్కడక్కడా తెలుపు వదిలెయ్యాలి.

రాసుకుంటూ పోతుంటే ఇంకోటి తట్టింది. 1,676ని 16.5తో భాగించి చూశాను. 101.6. అంటే స్కేలు 87వ వంతు కాదు, 101.6వ వంతు అనుకుంటే ఈ పట్టా సరైనదే. గేజీ తప్పని ఎందుకనుకోవాలి, పెట్టెలు పెద్దవి అనుకోవచ్చుగా. ఇంజను కొన్నది, దాన్నేం చెయ్యలేను. పెట్టెలు నేను అట్టతో కట్టేవే కదా, 245కి బదులు 210 కడితే పట్టా అచ్చం బ్రాడ్‌గేజీ. పైగా 559 మలుపు పెట్టెకి రెండున్నర ఇంతలు దాటుతుంది. గంట క్రితం తిట్టుకున్న మరిది చేతికి కొత్త లెక్క ఇచ్చినట్టయింది. ఇంజను మాత్రం పెట్టెల ముందు ఏనుగులా ఉంటుంది. అది ఆయన టేపుతో కొలవకుండానే కనిపెడతాడు.

ఒక పెట్టె 210లో కట్టి, 245ది పక్కన పెట్టి, మా ఆయన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి అడుగుతాను. తేడా తెలిస్తే పాతదే.

ఇప్పుడే వెళ్లి చూశాను, కంకర మీద ఫెవికాల్ ఇంకా పాలలాగే ఉంది. ఈ చెమ్మకి రెండు రోజులు పట్టేట్టుంది. ఫ్యాను వేసి వచ్చాను, మూడు మీద.