సిరిపురం ఫుట్‌పాత్ మీద బండి చోటు

ఆసీల్‌మెట్ట నుంచి సిరిపురం దాకా నడిచే వెళ్తున్నానని పిన్ని ఫోన్లో చెబితే నమ్మబుద్ధి కాలేదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ వీధి గుమ్మం దిగడమే గగనమైపోయింది. "రోడ్డు బాగు చేశారే. ఓసారొచ్చి చూడు, నీ పనీ అదేగా" అంది. విజయవాడలో భవనాల ప్లాన్లు గీయడం నా ఉద్యోగం. పొద్దున్నే రత్నాచల్ ఎక్కి మధ్యాహ్నం భోజనాల వేళకు విశాఖలో దిగాను. బ్యాగులో కొలతల టేపు కూడా వేసుకున్నాను.

ఎండ తగ్గాక ఇద్దరం బయల్దేరాం. సంపత్ వినాయకుడి గుడి ముందు ఎప్పట్లాగే కొత్త కార్లు, మోటారు సైకిళ్లు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, ఆగకుండా కొబ్బరికాయలు కొడుతున్న చప్పుడు. బండి కొన్నవాళ్లు ముందు ఇక్కడ పూజ చేయించాకే ఇంటికి తీసుకెళ్లడం ఈ ఊరి ఆచారం. పూజంతా రోడ్డు మీదే. ట్రాఫిక్ కాసేపు నెమ్మదిస్తుంది, ఎవరూ విసుక్కోరు. రోడ్డుకి ప్రయాణం తప్ప వేరే పని ఉండకూడదనేవాళ్లు ఓ సాయంత్రం ఇక్కడ నిలబడి చూడాలి.

గుడి దాటాక పిన్ని నా చెయ్యి వదిలేసి తన కర్రతో తనే నడిచింది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల జాబితాలో విశాఖ పేరుంది. ఆ పథకం కిందే సిరిపురం చుట్టుపక్కల రోడ్లకు కొత్త ఫుట్‌పాత్‌లు వచ్చాయి. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన లెక్కలో మనిషి నడిచే దారి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. ఎదురెదురుగా రెండు చక్రాల కుర్చీలు వచ్చినా తప్పుకోవడానికి సరిపోయే కొలత అది. రోడ్డు మీంచి ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మెట్టు అంతకన్నా ఎత్తయితే ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. చాలాచోట్ల కొలతలు బాగానే ఉన్నాయి. ఒక మలుపు దగ్గర నేను వంగి టేపు పెట్టబోతుంటే పిన్ని ఆపింది. "టేపెందుకే, ఇది ఎత్తు. నా మోకాలికి తెలుస్తోందిగా" అంది. కొలిస్తే దాదాపు 9 అంగుళాలు వచ్చింది.

ఫుట్‌పాత్ ఎక్కువగా పాడయ్యేది రెస్టారెంట్ల ముందే. వాల్తేరు అప్‌ల్యాండ్స్, పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్ అంటే ఒకప్పుడు పొడవాటి ప్రహరీలు, లోపల మామిడిచెట్లు, ఇంకా లోపలెక్కడో పెంకుటిల్లో డాబా ఇల్లో. ఇప్పుడు ఆ ఇళ్లలో కొన్ని కాఫీ హోటళ్లయ్యాయి, కొన్ని మండీ హోటళ్లయ్యాయి. ఇంట్లోవాళ్లు రోజుకి రెండుసార్లు తెరిచే గేటులోంచి ఇప్పుడు గంటకి పాతిక కార్లు దూరాలి. అందుకని ప్రహరీ కొట్టేసి, కాంక్రీటు ర్యాంపు పోసి, దాన్ని ఫుట్‌పాత్ మీదికి సాగదీస్తారు. పక్క హోటలూ అంతే. నడిచేవాళ్లు ఎక్కుతూ దిగుతూ పోవాలి. విజిల్ ఊదుతూ కార్లు వెనక్కి తీయించే సెక్యూరిటీ ఆయన పిన్నిని చూసి ఓ కారు ఆపాడు. మంచి మనిషి. కానీ ఆవిడ నడక ఆయన మంచితనం మీద ఆధారపడకూడదు.

వీధి మర్యాద తెలిసిన హోటలు కూడా ఒకటి కనిపించింది. గోడ తీసేసినవాళ్లు అక్కడ కార్లు పెట్టించకుండా, రోడ్డు వైపు తిరిగి కూర్చునేలా నాపరాయి దిమ్మెలు కట్టారు, పాత ఇళ్ల ముందు అరుగుల్లాగా. వాటి మీద తినడానికి వచ్చినవాళ్లు కొందరు, ఆర్డర్ కోసం ఎదురుచూస్తున్న డెలివరీ కుర్రాళ్లు కొందరు, ఊరికే కూర్చున్న ఓ పెద్దాయన. ఎవరినీ ఎవరూ లేపలేదు. మిగతా హోటళ్ల ముందు ఆ కుర్రాళ్లు బళ్ల మీదే కూర్చుని ఉన్నారు, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని. హోటళ్ల సంపాదనలో ఇప్పుడు సగభాగం పార్సిళ్లదే అనిపిస్తుంది చూస్తుంటే. ఆ పార్సిలు మోసేవాళ్లకు మాత్రం ఏ ప్లానులోనూ ఓ బల్ల ఉండదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసే పడిపోయాయి. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో తీగల్ని భూమిలోకి దించే పని చేపట్టారు. తీగలు భూమిలోకి పోయిన చోట ఆకాశం విశాలంగా కనిపిస్తోంది. పోయిన నీడ మాత్రం ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. మిగిలిన పెద్దచెట్ల కిందికే అందరూ చేరతారు, బళ్లవాళ్లు ముందుగా.

అలాంటి ఓ చెట్టు కింద మురీ మిక్చర్ బండి దొరికింది. బండి నడిపే ఆవిడ పని నేను కళ్లార్పకుండా చూశాను. స్టీలు డబ్బాలో నాలుగు గుప్పిళ్ల మరమరాలు, వేయించిన వేరుశనగ గుళ్లు, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, చిటికెడు ఉప్పూకారం, ఓ నిమ్మచెక్క. మూత పెట్టకుండా పొడుగు చెంచాతో టకటకా కలిపేసి, కాగితం పొట్లంలోకి ఒంపి, పైన మళ్లీ కాసిని ఉల్లిపాయలు. మరమరాలు మెత్తబడకముందే తినాలి, అందుకే అక్కడే నిలబడతాం. ఈ తిండి ఇంటికి తెప్పించుకుంటే పనికిరాదు. దీనికి వీధే కావాలి.

"రోజూ ఇక్కడేనా అమ్మా?" అని అడిగాను.

"ఎక్కడమ్మా! పొద్దున్న ఒకలొచ్చి ఇక్కడెట్టొద్దంతారు, సాయంత్రం ఇంకొకలొచ్చి ఆ మూలెట్టొద్దంతారు. ఎక్కడెట్టుకోవాలో మాత్రం ఎవులూ సెప్పరు. లోనైతే ఇచ్చినారు, పదేలు. కట్టీసినాను కూడా" అంది, కలపడం ఆపకుండా.

ఆ లోను పీఎం స్వనిధిది. కరోనా ఏడాది, 2020లో మొదలైన పథకం. వీధి వ్యాపారులకు తొలి విడతగా 10,000 రూపాయలిచ్చేవారు. బండి పెట్టుకోమని అప్పిచ్చారు, పెట్టుకునే చోటు ఇవ్వలేదు. చట్టం లేక కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం కనీసం ఐదేళ్లకోసారి సర్వే చేయాలి, గుర్తింపు పత్రాలివ్వాలి, అమ్ముకునే జోన్లు నిర్ణయించాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే ఊరి వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు.

చట్టంలో ఇంత రాసి ఉన్నా అది రోడ్డు మీదికి ఎందుకు రాదో నా బల్ల దగ్గర నుంచి చూస్తే నాకు తెలుస్తుంది. వీధి ప్లాను గీసేటప్పుడు చెట్టుకి గుండ్రం గీస్తాం, దీపస్తంభానికి చుక్క పెడతాం, కారుకి గళ్లు కొడతాం. తోపుడు బండికి మా దగ్గర గుర్తే లేదు. కాగితం మీద లేనిది రోడ్డు కట్టాక ఆక్రమణ అవుతుంది. కారు పార్కింగు గడి మామూలుగా రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడుగు. మిక్చర్ బండి కొలిచాను, నాలుగడుగులు ఆరడుగులు. తినేవాళ్లు నిలబడే చోటుతో సహా ఒక్క కారు గడిలో రెండు బళ్లు సుఖంగా పడతాయి. నడిచేవాళ్ల 1.8 మీటర్ల జోలికి పోనక్కర్లేదు. పిన్ని నడకా మిక్చర్ ఆవిడ బతుకూ ఒకదానికొకటి అడ్డం అనే మాట నేను ఒప్పుకోను.

ఆ రాత్రి పాత జైలు రోడ్డు మీదుగా ఇంటికొచ్చాం. జైలు అడవివరం వెళ్లిపోయాక ఆ స్థలంలో పార్కు వచ్చింది, ఆ రోడ్డులో నైట్ ఫుడ్ కోర్టు నడిచేది. సినిమా వదిలాక, డ్యూటీ దిగాక జనం అక్కడికే పోయేవారు. టమాటా బజ్జీ, నూడుల్స్, కోడిగుడ్డు దోశ, ఏది కావాలంటే అది. ఆ వరస ఇప్పుడు లేదు. రోడ్డు శుభ్రంగా ఉంది, మనుషులే లేరు. ఆడపిల్లలు రాత్రి పదింటికి ధైర్యంగా నిలబడే రోడ్డు ఈ ఊళ్లో ఒకటి తగ్గింది. నాకు నిజంగా బాధేసింది.

మర్నాడు పొద్దున బీచ్ రోడ్డు. ఉదయం కొన్ని గంటలు అక్కడ వాహనాలు ఆపేస్తారు. నడిచేవాళ్లు, స్కేటింగ్ పిల్లలు, కుక్కలు, పిన్నీ నడిరోడ్డు మీద. ఓ పక్క చోడి (రాగి) అంబలి, మొలకెత్తిన పెసలు అమ్మే బళ్లు. ఖర్చు రెండు బారికేడ్లు. రోడ్డుకి వేళల్ని బట్టి పనులు పంచొచ్చని ఈ ఊరికి బాగా తెలుసు. సిరిపురంలో సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా కొన్ని పార్కింగు గళ్లు బళ్లకి వదలడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద ఆ చెట్టు దగ్గరి ముక్కంతా కొలతలతో గీశాను. నాలుగు బళ్లు, ఓ కుళాయి, చెత్తడబ్బా, దీపం, వెనక నడిచే దారి. కుళాయి మిక్చర్ ఆవిడ అడిగింది, ఎత్తు మెట్టు దగ్గర వాలు పిన్ని అడిగింది. కింద పిన్నీ నేనూ సంతకం పెట్టాం, పక్కింటి రెండు కుటుంబాలవాళ్లూ పెట్టారు. వార్డు సచివాలయంలో కాగితం తీసుకుని రసీదిచ్చారు. కమిషనర్ గారి దగ్గరికి కూడా ఓ కాపీ పంపమని అక్కడి అమ్మాయే చెప్పింది. జిరాక్సు తీయించి పిన్ని చేతిలో పెట్టి సాయంత్రం రైలెక్కాను. సోమవారం తనే నడిచి వెళ్లి ఇస్తానంది.