లెక్కల టీచర్ల గ్రూపుకి వాలంటీర్లు: జూన్ నుంచి ఆగస్టు దాకా ఎంతవరకు వచ్చింది

జూన్ 14, శనివారం

బడులు 12న తెరిచారు, రెండ్రోజులకే గ్రూపులో నేను చదవని మెసేజ్‌లు 71, చూడ్డం మొదలుపెట్టేసరికి రాత్రి పదకొండు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇది లెక్కల టీచర్లం తెలుగులో పాఠాల గురించి మాట్లాడుకునే టెలిగ్రామ్ గ్రూపు. మొదట వాట్సాప్‌లో ఉండేది. అక్కడ 1024 మంది పరిమితి మాకు అడ్డం కాలేదు గానీ అందరి నంబర్లూ అందరికీ కనపడ్డం అడ్డమైంది. ఒక మేడమ్ భిన్నాల భాగహారం మీద చక్కటి వివరణ పెడితే ఆ రాత్రే ఎవరో తెలియని మనిషి ఆవిడకి మూడుసార్లు ఫోన్ చేశాడు, తెల్లారేసరికి ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఆ వారమే టెలిగ్రామ్‌కి మారాం, ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ ఎవరికీ కనపడకుండా ఎలా పెట్టుకోవాలో స్క్రీన్‌షాట్‌లు తీసి పైన పిన్ చేశాం.

ఇప్పుడు 640 మందిమి. నడిపేది మాత్రం నేనూ, వరంగల్ నుంచి ఒక అన్నా. అన్నకి ఈ ఏడాది పదో తరగతి రెండు సెక్షన్లు, ఇంట్లో అమ్మగారికి బాగోలేదు. చాలా బళ్ళల్లో లెక్కలు చెప్పేది ఒక్కరే, డౌటొస్తే స్టాఫ్ రూంలో అడగడానికి ఇంకో లెక్కల మనిషి ఉండరు, వాళ్ళకి ఈ గ్రూపే పక్క కుర్చీ. అందుకే ఇది ఆగకూడదని నా పట్టుదల.

జూన్ 21

"వాలంటీర్లు కావలెను" అని వారం క్రితం పిన్ చేసి ఒక గూగుల్ ఫారం పెట్టా, 14 ప్రశ్నలు. నింపింది ముగ్గురు. ఒకరు జీతం ఎంత అని అడిగారు, ఒకరు బీఈడీ చదువుతున్న అబ్బాయి, ఒక్కరే మాకు పనికొచ్చేవాళ్ళు. బొటనవేలు బొమ్మలు మాత్రం 39. "అందరూ రండి" అంటే నన్నే పిలిచారని ఎవరూ అనుకోరు. పెళ్ళి కార్డు స్టేటస్‌లో పెట్టడం వేరు, ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవడం వేరు కదా. ఫారం తీసేశా.

జూన్ 22, ఆదివారం

పొద్దున కూర్చుని నోట్‌బుక్ పక్కన పెట్టుకుని మూడు నెలల మెసేజ్‌లు వెనక్కి చదివా. ఎక్కువ జవాబులిచ్చేవాళ్ళని పిలుద్దాం అనే మొదలుపెట్టా గానీ చదువుతుంటే మనసు మారింది. ఇద్దరు సార్లు ప్రతి ప్రశ్నకీ రెండు నిమిషాల్లో కరెక్ట్ జవాబు పెట్టేస్తారు, మంచివాళ్ళు, కానీ ఆ తర్వాత ఇంకెవరూ నోరు తెరవరు. చర్చ నడిపిస్తున్నది వేరేవాళ్ళు, తిరిగొచ్చి ఏమైందో చెప్పేవాళ్ళు.

ఉదాహరణకి ఏడో తరగతిలో రుణ సంఖ్యని రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకొస్తుందని ఎవరో అడిగారు, అప్పు తీరిపోవడం లాంటి పోలికలు చాలా వచ్చాయి, ఒక సార్ మాత్రం వరుస రాయించమన్నారు: 2 × (-2) = -4, 1 × (-2) = -2, 0 × (-2) = 0, ప్రతిసారీ 2 పెరుగుతోంది, మరి (-1) × (-2) ఎంతవ్వాలో పిల్లల్నే చెప్పమనండి అని. నాలుగు రోజులకి వనపర్తి మేడమ్ వచ్చి "చేశాను సార్, సగం మంది వెంటనే 2 అన్నారు, మిగతావాళ్ళు అసలు -4 నుంచి -2 కి పెరిగినట్టా తగ్గినట్టా అన్న దగ్గరే ఆగిపోయారు" అని రాశారు. అసలు సమస్య సంఖ్యారేఖ దగ్గరుందని అందరికీ అప్పుడు తెలిసింది, దాని మీద ఇంకో 30 మెసేజ్‌లు. ఇలా తిరిగొచ్చి చెప్పేవాళ్ళ పేర్లు ఏరితే 11 వచ్చాయి.

జూలై 2

11 మందికీ ఫోన్ చేయడం అయిపోయింది. ముందు మెసేజ్ పెట్టి ఎప్పుడు చేయమంటారో అడిగా, ఎందుకంటే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా చాలామంది మేడమ్‌లకి వంట, పిల్లల హోంవర్క్, ఆ టైంలో చేస్తే సరే అనేసి పెట్టేస్తారు. ఆదివారం పదకొండుకి బాగా కుదిరింది, కొందరు బడికెళ్ళే బస్సులో మాట్లాడారు. "గ్రూపు చూసుకుంటారా" అని ఎవరినీ అడగలేదు. "మంగళ, గురువారాల్లో రాత్రి తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా కొత్తగా చేరతామన్నవాళ్ళ రిక్వెస్టులు చూడాలి, దసరా సెలవుల దాకా, తర్వాత ఇంకొకరికి అప్పజెప్పేద్దాం" ఇలా పని, టైం, ఎప్పటిదాకా అనేది ఒకేసారి చెప్పా. వాళ్ళ ఏ మెసేజ్ చూసి పిలుస్తున్నానో కూడా చదివి వినిపించా, ఒక సార్ అయితే "అది ఎవరైనా చదివారా!" అన్నారు, మాకూ సంతోషమేసింది.

ఆరుగురు సరేనన్నారు, ఇద్దరు దసరా తర్వాత అన్నారు, ముగ్గురికి కుదరదు, అందులో ఒకరికి బీఎల్వో డ్యూటీ, అంటే ఓటర్ల జాబితా పని.

జూలై 6, ఆదివారం

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దగ్గర కలిశాం. నేను ఉప్పల్లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారి వెళ్ళా. నలుగురు వచ్చారు, జిల్లాల నుంచి ఇద్దరు ఫోన్లో కలిశారు. బయట టీ కొట్టు దగ్గరే రెండు గంటలు గడిచిపోయాయి.

టెలిగ్రామ్‌లో అడ్మిన్‌కి ఏ అధికారం ఇవ్వాలో విడివిడిగా పెట్టొచ్చు, మెసేజ్ తీసేయడం అందరికీ ఇచ్చా, కొత్త అడ్మిన్లని పెట్టడం మాత్రం నాకూ అన్నకీ మాత్రమే. మనిషిని గ్రూపులోంచి తీయాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి, ఎందుకో రెండు లైన్లు మా షేర్డ్ డాక్‌లో రాయాలి, టెలిగ్రామ్ చూపించే రీసెంట్ యాక్షన్స్ 48 గంటలే ఉంటాయి, తర్వాత ఎవరేం చేశారో తెలీదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ నుంచి నడుస్తోంది, అక్కడ అందరికీ సంబంధించిన మాటలు రచ్చబండ అనే పేజీలో అందరి ముందే మాట్లాడుకుంటారు, నాకు ఆ పద్ధతి చాలా ఇష్టం, అందుకే రూల్ మార్చాలంటే గ్రూపులోనే అడగాలని పెట్టుకున్నాం.

జూలై 13, ఆదివారం

సికింద్రాబాద్ బోనాలు. ఈ రోజు డ్యూటీ వేసుకున్న ఇద్దరూ సిటీ వాళ్ళే, ఇద్దరూ గుడికెళ్ళారు, నేనూ చుట్టాలింట్లో ఉన్నా. మధ్యాహ్నం ఎవరో డీఏ బకాయిల మీద ఒక ఫార్వర్డ్ పెట్టారు, సాయంత్రానికి పీఆర్సీ (జీతాల సవరణ), రెండు టీచర్ల సంఘాల మధ్య మాటలు, 140 మెసేజ్‌లు. మధ్యలో ఒక మేడమ్ అడిగిన దశాంశాల ప్రశ్న ఎవరికీ కనపడకుండా కిందకి పోయింది. నాకు బాధ అక్కడే.

రాత్రి కూర్చుని రెండు మార్పులు చేశాం. ప్రతి రోజూ డ్యూటీలో ఒకరు సిటీ, ఒకరు జిల్లా. గొడవ మొదలైతే స్లో మోడ్ 5 నిమిషాలు, అంటే ఒక మెసేజ్ పెట్టినవాళ్ళు ఇంకోటి పెట్టాలంటే అంతసేపు ఆగాలి. డీఏ మాటలు తీసేయాలని ఒక సార్ అన్నారు, నేను ఒప్పుకోలేదు, అది ఇంటి ఖర్చుల మాట, దాన్ని తప్పు అనలేం. టాపిక్స్ ఆన్ చేసి "బడి బయట సంగతులు" అని వేరే గది పెట్టాం. ఇప్పుడు అవి అక్కడికి జరపమని మర్యాదగా చెప్తే చాలు.

జూలై 27

ఎఫ్ఏ-1 (బడిలో ఏడాది మొదటి చిన్న పరీక్ష) పేపర్లు దిద్దుతున్నారు, పిల్లలు చేసిన తప్పుల ఫొటోలు వస్తున్నాయి, మన గ్రూపులో అన్నిటికంటే విలువైనవి ఇవే. కానీ పేరు, రోల్ నంబర్ కనపడుతున్నాయి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళని పిల్లలుగానే లెక్కేస్తుంది, చట్టం సంగతి అటుంచినా ఆ పిల్లవాడికి తన తప్పు 640 మంది చూడ్డం ఇష్టముంటుందా? మా సిద్దిపేట వాలంటీర్ ఒక తెల్ల కాగితం ముక్క పేరు మీద అడ్డం పెట్టి ఫొటో తీసి చూపించారు, రూల్ రాయడం కంటే ఆ ఒక్క ఫొటో బాగా పనిచేసింది.

ఆగస్టు 3

గ్రూపులో వారమంతా జరిగిన చర్చలకి ఆదివారం సారాంశం వనపర్తి మేడమ్ రాస్తున్నారు. మొదటి వారం నాలుగు గంటలు పట్టిందని తెలిసి భయమేసింది, అలా అయితే నెలకి మించి చేయలేరు. మూడు చర్చలే, ఒక్కోదానికి ఐదు లైన్లు, చివర్లో "ఇంకా తేలనిది" ఒకటి, అని కుదించాం. ఇప్పుడు 50 నిమిషాలు.

ఒక మేడమ్ పది రోజులు ఉలుకూపలుకూ లేరు. ఫోన్ చేస్తే ఇంట్లో ఏదో ఇబ్బంది, చెప్పడానికి మొహమాటపడి ఆగిపోయారట. ఆ రోజు నుంచి వాలంటీర్ల గ్రూపులో "సెలవు" అని ఒక్క మాట రాస్తే చాలు, కారణం ఎవరూ అడగం. ఇప్పటికి నలుగురు వాడుకున్నారు, నలుగురూ తిరిగొచ్చారు. మేం పెట్టుకున్న రూల్స్ అన్నిట్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

ఆగస్టు 24, ఆదివారం

దసరాకి ఆరుగురూ దిగిపోవాలి, ఉండాలనుకుంటే మళ్ళీ అడిగి ఉండాలి. వెనక నుంచి వచ్చేవాళ్ళు ఇద్దరే ఖాయం, ఇంకో నలుగురు కావాలి, అందులో ఒకరు ప్రైమరీలో చెప్పే ఎస్జీటీ అయితే బాగుంటుంది, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం దగ్గర పిల్లలు ఎక్కడ తడబడతారో వాళ్ళకి తెలిసినంత మాకు తెలీదు.

ఇవాళ పదకొండుకి మొదటి ఫోన్ వాట్సాప్ రోజుల్లో వెళ్ళిపోయిన ఆ మేడమ్‌కి చేశా, ముందు మెసేజ్ పెట్టే చేశా. ఏ పనీ అడగలేదు, భిన్నాల మీద ఆవిడ రాసింది ఇప్పటికీ మేం కొత్తవాళ్ళకి పంపిస్తున్నామని చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నంబర్ ఎవరికీ కనపడదు కదా సార్?" అన్నారు. సెట్టింగ్ స్క్రీన్‌షాట్ పంపించా. సాయంత్రం జాయిన్ రిక్వెస్ట్ వచ్చింది, తలుపు దగ్గర డ్యూటీలో ఉన్న వాలంటీర్ ఓకే చేశారు.