పార్టీకి చెక్కు ఇస్తానంటే నవ్వారు: నా అనుభవం

నిన్ననే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ ఫైల్ చేశా, కోపం ఇంకా తగ్గలేదు. పార్టీ పేరు చెప్పను, చెప్తే అసలు విషయం పోయి కొట్లాటే మిగులుద్ది. 5,000 విరాళం ఇవ్వాలి, పార్టీలకిచ్చే విరాళానికి పన్ను మినహాయింపిచ్చే సెక్షన్ 80జీజీసీ కింద చూపించుకోవాలి, నా పని ఇంతే.

చెక్కు రాసి, వెనక ఫోన్ నంబర్ వేసి పార్టీ ఆఫీసుకెళ్లా. ఇన్‌ఛార్జ్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి "ఏంది తమ్ముడూ, క్యాష్ లేదా?" అన్నాడు. రెండు వేలు దాటితే క్యాష్ తీసుకోకూడదు కదన్నా అంటే, హాలంతా వినబడేలా "ఎలక్షన్ కమిషన్ వచ్చిందిరా, కుర్చీ వెయ్యండి!" అని అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు, కుర్చీ మాత్రం ఎవడూ వెయ్యలా. పోనీ రసీదన్నా ఇస్తారా అంటే "రెండేసి వేల లెక్కన మూడు పేర్లు చెప్పు, రాసేస్తా" అంటాడు! టేబుల్ మీద రసీదు బుక్కు తెరిచే ఉంది, చూశాను, వరసగా అన్నిట్లో "ఒక అభిమాని", అన్నీ ఒకే చేతిరాత. చెక్కు లాక్కుని వచ్చేశా.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, ఇచ్చినోళ్ల పేరు బయటపడకుండా పార్టీలకి డబ్బిచ్చే ఎలక్టోరల్ బాండ్లు కొట్టేసి, ఓటరుకి తెలుసుకునే హక్కుంది అంటే మనోళ్లు పండగ చేస్కున్నారు. బానే ఉంది, కానీ 20,000 లోపు ఇచ్చినోళ్ల పేర్లు పార్టీ ఎలక్షన్ కమిషన్‌కిచ్చే రిపోర్టులో రాయక్కర్లేదు, మరి ఈ అభిమానులెవరో ఎవడు అడగాలి? పన్ను కట్టే నాబోటోడికేమో పాన్ నంబర్ లేందే పని జరగదు.

చివరికి పార్టీ వెబ్‌సైట్‌లోనే కట్టేశా, ఐదు నిమిషాల పని. రసీదులో పార్టీ పాన్ లేదు, మెయిల్ పెడితే మార్చి పంపారు, మీరూ చూస్కోండి. రిటర్న్‌లో తేదీ, ట్రాన్సాక్షన్ నంబర్, బ్యాంకు బ్రాంచి కోడ్ (ఐఎఫ్ఎస్‌సీ) అడుగుద్ది. కొత్త ట్యాక్స్ రెజీమ్ (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) ఎంచుకున్నోళ్లకి ఈ మినహాయింపు లేదు. ఊరూ పేరూ లేని పార్టీకి లక్ష విరాళం కట్టు, మినహాయింపు చూపించుకో, కమీషన్ పట్టుకుని మిగతాది తిరిగిస్తాం అనే ఏజెంట్లుంటారు, ఆ పార్టీల జోలికి మాత్రం పోకండి, నోటీసొస్తే ఏజెంట్ ఫోనెత్తడు.

ఆ ఇన్‌ఛార్జ్ చెక్కు వెనక నంబర్ ఎప్పుడు ఎక్కించుకున్నాడో గానీ, ఇప్పుడు రోజూ వాట్సాప్‌లో మీటింగ్‌కి రమ్మంటున్నాడు. బ్లాక్ చేశా.