అమ్మ అడిగిన పిండం

గయ నుంచి వచ్చి వారం కూడా కాలేదు. ఒంట్లో ప్రయాణం బడలిక ఇంకా తీరలేదు గానీ మనసు మాత్రం చాలా తేలికగా ఉంది. అమ్మ సంవత్సరీకాలయ్యాక వచ్చే మొదటి మహాలయ పక్షాల్లోనే గయలో ఆమెకు పిండప్రదానం పూర్తి చేయాలనుకున్నాను. గదాధరుడి దయవల్ల అనుకున్నట్టే జరిగింది.

అమ్మ 86 ఏళ్లు బతికింది. మాది దివిసీమ, కోడూరు వైపు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను చంటిపిల్లాణ్ణి. నాన్న అక్కను భుజానికెత్తుకుంటే, అమ్మ నన్ను చీరకొంగుతో గుండెలకు కట్టుకుని, తుమ్మచెట్టును వాటేసుకుని తెల్లారేదాకా ఆ నీళ్లలోనే ఉందట. ముళ్లు దిగబడుతున్నా పట్టు వదల్లేదు. ఆ మచ్చలు చివరిదాకా ఆమె ముంజేతుల మీద ఉన్నాయి. చిన్నప్పుడు పక్కలో పడుకుని వాటిని వేలితో తడిమేవాణ్ణి.

మా పక్కింట్లో ఒక్కరూ మిగల్లేదు. ఆలుమగలు, ముగ్గురు పిల్లలు, అందరూ పోయారు. మంచాన పడ్డ రోజుల్లో అమ్మ ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి, "నాకెలాగూ పెడతావులే. గయ వెళితే వాళ్లకీ తలా ఓ ముద్ద పెట్టరా. వాళ్లకెవరూ లేరు కదా" అంది. అన్నేళ్లుగా ఆ మాట కడుపులో పెట్టుకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కాశీలో గంగాస్నానం, విశ్వనాథుడి దర్శనం చేసుకుని అర్ధరాత్రి దాటాక కారులో బయల్దేరాం. తెల్లారాక గయ చేరితే, ఊరంతా జనమే. మహాలయ పక్షాల్లో రద్దీ ఉంటుందని తెలుసు గానీ మరీ ఇంతగా ఊహించలేదు. చెప్పులు విడిచిన చోటు నుంచి నది ఒడ్డుకు చేరేసరికే ఎండెక్కింది. అడుగడుక్కీ డబ్బులడిగేవాళ్లు, తోసుకుంటూ వెళ్లేవాళ్లు. తల్లిదండ్రుల కోసం వచ్చిన వాళ్లను కాసేపు ప్రశాంతంగా కూర్చోనివ్వకపోతే ఎలా? వయసైన వాళ్ల అవస్థ చూస్తే కడుపు తరుక్కుపోయింది.

గయలోని ఫల్గు నది అంటే ఇసుక తోడితేనే నీళ్లని పెద్దలు చెప్పేవారు. రబ్బర్ డ్యామ్ కట్టాక ఇప్పుడు విష్ణుపాదం గుడి దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి. స్నానం చేసి తడిబట్టలతో తర్పణాలు వదిలాం. నా భార్య అన్నం వండింది. నువ్వులు కలిపి ముద్దలు చేసుకుని కూర్చున్నాం.

నాన్నకూ పితృదేవతలకూ అయ్యాక మాతృషోడశి మొదలైంది. అమ్మకు పదహారు పిండాలు. ఒక్కో పిండానికీ ఒక శ్లోకం, ఒక్కో శ్లోకంలో మన కోసం తల్లి పడ్డ ఒక కష్టం. మా పురోహితులు తెలుగాయనే. ప్రతి శ్లోకానికీ అర్థం చెప్పి, "తలుచుకుని పెట్టు నాయనా" అనేవారు. కడుపులో బిడ్డతో ఎగుడుదిగుడు దారుల్లో నడిచినందుకు ఒకటి. పురిటి నొప్పులకు ఒకటి. చేదు కషాయాలు తాగినందుకు ఒకటి. రాత్రిళ్లు మనం తడిపిన పక్క మీద తను పడుకున్నందుకు ఒకటి. అక్కడిదాకా ఎలాగో ఓర్చుకున్నాను. "బిడ్డ చిన్నవాడని తాను అరకడుపుతో ఉన్నందుకు" అనగానే చెయ్యి ఆగిపోయింది.

ఉప్పెన తర్వాత మా పొలం ఉప్పు తేలింది. సాయంగా వచ్చిన బియ్యంతో గంజి కాచి, గట్టిగా ఉన్నదంతా మాకు వేసి, అమ్మ పైతేట తాగేదని అక్క చెబుతుంది. పొలం మళ్లీ దారిన పడింది, ఇల్లు కట్టుకున్నాం అనుకునేసరికి నాన్నకు పక్షవాతం. అమ్మ తెల్లవారుజామునే గేదెలు పితికి, పాలకేంద్రంలో పోసి వచ్చి, నాన్నకు ఒళ్లు తుడిచి, అన్నం మెత్తగా కలిపి తినిపించి, ఆ తర్వాత కలుపుకు వెళ్లేది. నాన్న పోయేదాకా ఏళ్ల తరబడి అదే వరస. "నువ్వు తిన్నావా?" అని నాన్న సైగ చేస్తే, తినకపోయినా తలూపేది. పురోహితులు తొందరపెట్టలేదు. నేను కళ్లు తుడుచుకునేదాకా ఆగి, శ్లోకం మళ్లీ మొదటి నుంచి చదివారు.

ఇక విష్ణుపాదం. ఆలయం లోపల ఊపిరాడలేదు. పిండాలు పెట్టిన విస్తరి రెండు చేతులతో తలపైకెత్తి పట్టుకున్నాను. వెనక నుంచి ఒక్క తోపు. విస్తరి ఒరిగింది, పిండాలు జారిపోతాయని గుండె ఝల్లుమంది. అంతలో నా పక్కనున్న పెద్దాయన రెండు చేతులూ చాచి గోడకు ఆనించి, తన వీపుతో జనాన్ని ఆపాడు. ఆయన ఎవరో, ఏ ఊరో తెలియదు. ముఖమంతా చెమట. "మాతాజీ?" అని అడిగాడు. అవునని తలూపాను. కళ్లతోనే ముందుకు వెళ్లమన్నాడు. వెండి తొడుగు మధ్య నల్లరాతి మీద స్వామి పాదం కనిపించింది. పూలు, పాలు, పిండాల మధ్య వేళ్ల గుర్తులు ఒక్క క్షణం తేటగా కనబడ్డాయి. అమ్మ పిండాలు అక్కడే పెట్టాను. వెనక్కి తిరిగి దణ్ణం పెడదామంటే ఆయన కనిపించలేదు. ఆ చేతుల రుణం నేనెలా తీర్చుకోను!

చివరికి అక్షయవటం, ఆ పవిత్రమైన మర్రిచెట్టు. అమ్మ మాట పురోహితులకు అక్కడ చెప్పాను. "తప్పకుండా పెట్టొచ్చు. గయలో బంధుత్వమే ఉండాలని లేదు. గోత్రం?" అన్నారు. తెలియదన్నాను. "తెలియకపోతే కాశ్యప గోత్రమే. పేర్లు?" పెద్దవాళ్లిద్దరి పేర్లూ అమ్మ చెప్పింది. పిల్లల్ని మాత్రం ఆమె ఎప్పుడూ పెద్దోడు, చిన్నోడు, చంటిది అనే అనేది. ఆ పిలుపులే చెప్పమన్నారు. అలాగే చెప్పి అయిదు ముద్దలూ పెట్టాను.

ఆనవాయితీ ప్రకారం నాకిష్టమైన కాయా పండూ అక్కడ వదిలేశాం. గయావళి పండా, అంటే అక్కడి క్షేత్ర పురోహితుడు, వీపు తట్టి సుఫలం, అంటే కార్యం ఫలించిందని చెప్పాక, బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. అన్నీ వివరంగా అడిగింది. పక్కింటి వాళ్లకు పెట్టానని చెప్పగానే కాసేపు ఏడ్చి, వాళ్ల పెద్దోడు తనతో గుడ్డలబొమ్మతో ఆడుకునేవాడని చెప్పింది. మాఘ పౌర్ణమికి ఇద్దరం హంసలదీవి వెళ్లి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే సాగర సంగమంలో మునిగి, వాళ్లందరి పేరునా తర్పణం వదలాలని అనుకున్నాం.